నమ్మకం వాళ్లది, దెబ్బ ఆ అవ్వకు

పరకాల దగ్గర ఒక ఊరి కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరం కాబట్టి సారాంశం నా మాటల్లో చెబుతాను.

ఆమెకు 31 ఏళ్లు. బీఎస్సీ చదివి హనుమకొండలో ఒక మందుల షాపులో పనిచేస్తున్నారు. ప్రేమ పెళ్లి. పుట్టింటివాళ్లు చర్చికి వెళ్తారు, అత్తింటివాళ్లు పోచమ్మకు బోనం తీస్తారు. భర్త, ఆరేళ్ల కొడుకుతో పట్నంలో ఉంటూ పండుగలకు ఊరికి పోయి వస్తుంటారు. ఊళ్లో అత్తమ్మ, బావగారు, తోటికోడలు, పదో తరగతి చదివే వాళ్ల బిడ్డ ఉంటారు.

ఈ వానాకాలం వాళ్ల ఇంట్లో పది రోజుల తేడాతో రెండు బర్రెలు చచ్చిపోయాయి. మొదటిదానికి రాత్రి గొంతు వాచింది. గురక పెట్టినట్టు ఊపిరి తీసి తీసి తెల్లారేసరికి పడిపోయింది. తర్వాత కొన్నాళ్లకే బావగారి బిడ్డ సాయంత్రం పూట పళ్లు బిగబట్టి పడిపోవడం మొదలైంది. అత్తమ్మ ఒక మంత్రగాడి దగ్గరికి పోతే, "మీ ఇంటికి తూర్పున ఒంటిగా ఉండే ఆడమనిషి బాణామతి చేసింది" అన్నాడు. విరుగుడుకు 21 వేల రూపాయలు, ఒక నల్ల మేక అడిగాడు. తూర్పున ఉన్నది ఒక్కటే ఇల్లు. అందులో డెబ్బై దాటిన ఒక అవ్వ ఒక్కతే ఉంటుంది. భర్త లేడు. కూతురు, అల్లుడు సూరత్‌లో మగ్గం పనికి పోయి అక్కడే స్థిరపడ్డారు. అవ్వ పేరు మీద 20 గుంటల భూమి ఉంది. మరొక మాట: ఈ ఉత్తరం రాసిన ఆమె భర్తకు పురుడు పోసింది ఆ అవ్వే.

ఇప్పుడు కిరాణా షాపులో అవ్వకు చిల్లర చేతికివ్వకుండా గల్లా మీద పెడుతున్నారు. రెండుసార్లు రాత్రిపూట ఇంటి మీద రాళ్లు పడ్డాయి. పెత్రమాస (పితృ అమావాస్య) దాటాక వచ్చే ఆదివారం కుల పెద్దలు కూర్చుంటారట. అవ్వతో పోచమ్మ గుడి ముందు తడిబట్టలతో ప్రమాణం చేయిస్తారట.

"నా భర్త మనకెందుకు అంటున్నాడు. నేను మాట్లాడితే 'నీ దేవుడు వేరే, నీకేం తెలుసు' అంటారు. మొన్న మేడారం జాతరకు మా అత్తమ్మ మనవడి ఎత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కుకుంటే, ఆ బెల్లం పైసలు వాడి ఫీజుకు కట్టొచ్చు కదా అని చుట్టాల ముందు అన్నాను. ఆమె బస్సు దిగేదాకా ఏడ్చింది. అప్పటి నుంచి నా మాటంటే ఇంట్లో ఎవరికీ లెక్క లేదు. ఎవరి నమ్మకం వాళ్లది కదా మేడమ్? నేను నోరు తెరిస్తే తప్పా, మూసుకుంటే తప్పా?"

చెల్లెమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివరి ప్రశ్న ఒక్కటే అయినా అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మేడారం బెల్లం ఒకటి, బావగారి బిడ్డ జబ్బు ఒకటి, అవ్వ మీద పడ్డ నింద ఒకటి. మూడింటికీ నమ్మకం అన్న పేరే పెట్టి చూస్తున్నారు కాబట్టే మీకు ఊపిరాడటం లేదు.

బెల్లం సంగతి ముందు చూద్దాం. రెండేళ్లకోసారి మాఘమాసంలో అంత జనం మేడారం పోతారు. జంపన్న వాగులో మునిగి, గద్దెల దగ్గర బంగారం పెట్టి, ఎదురుకోళ్లు ఎగరేసి వస్తారు. మీ అత్తమ్మ మొక్కుకున్నది మనవడు చల్లగా ఉండాలని. ఖర్చు ఆమెది, నడక ఆమెది, మొక్కు తీరిందన్న తృప్తీ ఆమెదే. దానివల్ల ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు, ఎవరి నోటి దగ్గర కూడూ పోలేదు. మీకు నచ్చకపోతే మీరు మొక్కకండి, సరిపోతుంది. ఇంటి పైసలు ఇబ్బందిగా ఉంటే ఆ మాట ఇంట్లో, నలుగురూ లేనప్పుడు, పైసల సంగతిగానే మాట్లాడుకోవాలి. మీరు చుట్టాల ముందు అన్నది బెల్లం ధర గురించే కావచ్చు, ఆమెకు మాత్రం "నువ్వు తెలివితక్కువదానివి" అని వినపడింది. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఇప్పుడు అవ్వ కోసం మాట్లాడాల్సి వచ్చినప్పుడు మీ మాట ఎందుకు చెల్లడం లేదో మీకే తెలియాలని రాస్తున్నాను.

ఇక బావగారి బిడ్డ. ఇక్కడ లెక్క మారిపోతుంది. అత్తమ్మ తన మోకాళ్ల నొప్పికి విభూతి రాసుకుంటే అది ఆమె ఇష్టం. ఈ పిల్లకు 15 ఏళ్లు. తనను ఎక్కడికి తీసుకుపోవాలో, ఏం తాగించాలో తను తేల్చుకోలేదు. ఆ నమ్మకం ఎంచుకున్నది పెద్దవాళ్లు, భరించేది పిల్ల. అలాంటి చోట పక్కనున్న పెద్దవాళ్లు నోరు తెరవకపోతే పిల్ల తరఫున మాట్లాడేవాళ్లే ఉండరు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేను ములుగు వైపు ఒక ఊళ్లో టీచరుగా కొత్తగా చేరిన రోజుల్లో, నాలుగో తరగతి పిల్లవాడొకడు పిక్క మీద పసరు కట్టుతో బడికి వచ్చాడు. ఆకుపచ్చగా ఎండిపోయి, గుడ్డకు అంటుకుపోయిన కట్టు. కుక్క కరిచిందన్నాడు. వాళ్ల తాత చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు పసరు ఇచ్చే మనిషి. చాలా మంచివాడు, పైసా తీసుకునేవాడు కాదు. నేను వాళ్లింటికి పోయి "తాతా, ఒకసారి దవాఖానలో సూది కూడా వేయించండి" అని ఒక్కసారి మెల్లగా అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. అది చూసి నేను ఊరుకున్నాను. పెద్దాయన మనసు నొప్పించకూడదనుకున్నాను. నెలన్నర దాటాక ఒక మధ్యాహ్నం భోజనం గంటలో ఆ పిల్లవాడు స్టీలు గ్లాసు నోటి దాకా తెచ్చి తాగలేకపోయాడు. గొంతు పట్టేసినట్టయి గ్లాసు విసిరేశాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ అంతే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బయటపడినవాళ్లు దాదాపు లేరు. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, సమయానికి టీకాలు వేయిస్తే తప్పేదే. ఆ తాత ఆ తర్వాత ఎవరికీ పసరు ఇవ్వలేదు. ఒకసారి చెప్పి ఊరుకున్నదానికి నేను ఈ రోజుకీ బాధపడతాను. పది సార్లు చెప్పి ఆ ఇంట్లో మాట పడినా బాగుండేది.

కాబట్టి ఆ పిల్ల విషయంలో మీరు ఆగొద్దు. అలా అని "మంత్రాలన్నీ ఉత్తవే" అని మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. "అక్కా, మీరు చేయించేది చేయించండి, నేను ఆపను. కానీ ఈ వారం పిల్లను నాతో పంపండి, డాక్టరుకు చూపిస్తా" అని తోటికోడలిని అడగండి. మీకు మందుల షాపు అనుభవం ఉంది, పట్నంలో ఇల్లుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయినా, మీకు తెలిసిన నరాల డాక్టరుకు చూపించినా సరే. అది మూర్ఛ కావచ్చు, మనసులో దిగమింగుకున్న టెన్షన్ ఒంట్లో అలా బయటపడుతుండవచ్చు, ఇంకేదైనా కావచ్చు. చూడకుండా నేను చెప్పకూడదు.

ఒక్కటి మాత్రం అడగాలి. ఉత్తరం ఐదో పేజీలో "పది అయిపోగానే సంబంధం చూద్దామని బావగారు అనుకుంటున్నారు" అని ఒక్క ముక్క రాసి దాటేశారు. పిల్ల పడిపోవడం ఆ మాట ఇంట్లో మొదలయ్యాకనా, ముందా? మీ దగ్గరికి వచ్చినప్పుడు, పెద్దలెవరూ లేకుండా, పడుకునే ముందు మెల్లగా అడిగి చూడండి. చదువు గురించి, స్కూల్ గురించి, దారిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా అన్నది కూడా. 18 నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. బావగారు మొండికేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు. పిల్లకు మనసు విప్పి మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ నంబరు 14416 ఉంది.

బర్రెల గురించి రెండు మాటలు. వానాకాలం, గొంతు వాపు, గురక లాంటి ఊపిరి, ఒక్క రాత్రిలో చావు. ఇవి చెబితే పశువుల డాక్టరు ముందుగా అనుమానించేది గొంతువాపు జబ్బునే. అది బర్రెలకు మరీ ప్రమాదం. ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుంది. అందుకే వానలకు ముందే టీకా వేస్తారు. కొట్టంలో ఇంకా పశువులు ఉన్నాయని రాశారు కదా, 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. ఆ పని మీ భర్తతో చేయించండి. బావగారితో బాణామతి ఉందా లేదా అని గంట వాదించే బదులు "అన్నా, ఉన్నవాటికైనా సూది వేయిద్దాం" అంటే ఆయన కాదనడు. రైతు కదా. డాక్టరు నోటితో ఊరి వాళ్ల ముందు "ఇది ఫలానా జబ్బు" అన్న మాట వస్తే అవ్వ మీది నిందకు ఒక కాలు విరిగినట్టే.

ఇప్పుడు అవ్వ సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది ఇదే.

"ఎవరి నమ్మకం వాళ్లది" అన్న మాట మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. కానీ అదే వాక్యంలో ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అని కూడా ఉంది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో చేర్చారు. 'నేను నోరు తెరిస్తే తప్పా' అని అడిగారు కదా, మీరు ఆ పౌరుల్లో ఒకరు. మీ అత్తమ్మకు బాణామతి ఉందని నమ్మే స్వేచ్ఛ ఉంది. ఆ నమ్మకం పేరు చెప్పి ఇంకొకరి ఇంటి మీద రాయి వేసే స్వేచ్ఛ ఎవరికీ లేదు. పాత ఐపీసీలోనూ లేదు, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. కొట్టడం, బెదిరించడం, పరువు తీయడం, బలవంతంగా పట్టి నిలబెట్టడం ఏ కారణంతో చేసినా నేరాలే.

బాణామతి లేదు. ఇది నా అభిప్రాయం అని మెత్తగా చెప్పలేను, ఎందుకంటే లేనిదానికి మనుషులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. 2022 జనవరిలో మనకు దగ్గరే, జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. అది జరిగింది కుల సంఘం సమావేశం దగ్గరే. అందుకే ఆదివారం అనగానే నాకు గుండె దడదడలాడింది. నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు కదా, మాటలతోనే పోతుంది అనుకోవద్దు. తడిబట్టల ప్రమాణం ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్ల ముందు పెట్టుకోండి. డెబ్బై దాటిన మనిషి తలారా నీళ్లు పోసుకుని, ఊరంతా చూస్తుండగా గుడి ముందు నిలబడాలి. చలికి వణికినా, భయానికి మాట తడబడినా తప్పు చేసినట్టే లెక్క కడతారు. వణకకపోతే "చూశారా, ఎంత గట్టిదో" అంటారు. ఏం చేసినా అవ్వ బయటపడే దారి అందులో లేదు.

మీ ముందు ఉన్న దారులు నాకు కనపడినంతవరకు చెబుతాను. ఏది మీకు మోయగలిగిన బరువో మీకే తెలుసు.

మీ భర్త చెప్పినట్టు హనుమకొండలో ఊరుకోవచ్చు. ఇంట్లో గొడవ ఉండదు, పండుగకు పోతే అన్నం పెడతారు. అవ్వకు ఏమీ కాకపోతే మీరు తప్పించుకున్నట్టే. అయితే మాత్రం, ఆ గ్లాసు సంగతి మీకు చెప్పాను.

రెండోది, ఆదివారం నాడు లేచి అందరి ముందు మాట్లాడటం. మీ ధైర్యం మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ సమావేశంలో మీరు వేరే దేవుడి ఇంటి నుంచి వచ్చిన కోడలు, మేడారం మొక్కును తప్పుపట్టిన మనిషి. మీరు లేచిన క్షణం నుంచి అందరూ అవ్వను వదిలి మీ గురించి మాట్లాడతారు. అది అవ్వకు మేలు చేయదు. అదే మాట మీ భర్త నోటి నుంచి వస్తే వేరు. ఆ ఊళ్లో పుట్టినవాడు, ఆ కులంవాడు, ఆ అవ్వ చేతుల్లో కళ్లు తెరిచినవాడు. "మనకెందుకు" అంటున్న ఆయనను ఒక్కటే అడగండి: తన బొడ్డు కోసిన చేతులు ఆదివారం గుడి ముందు వణుకుతుంటే తను హనుమకొండలో ఏ పని చేసుకుంటూ ఉంటాడో. కోపంగా అడగకండి, నిజంగా అడగండి.

మూడోది, ఆ రోజు కన్నా ముందే మీ అత్తమ్మతో మాట్లాడటం. నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇక్కడే, కష్టమూ ఇక్కడే ఎక్కువ. బాణామతి మాట ఎత్తకుండా ముందు బెల్లం సంగతి తేల్చుకోండి. "అత్తమ్మా, ఆ రోజు చుట్టాల ముందు అట్ల అనుడు నా తప్పు" అనండి. అది అవ్వ కోసం వేసిన ఎత్తులా ఉండకూడదు, మీ మనసులో నిజంగా ఉంటేనే అనండి. ఆ తర్వాత మరో రోజు పురుడు సంగతి అడగండి. ఎన్ని గంటలు పట్టింది, వాన పడుతుందా, దీపం ఎవరు పట్టుకున్నారు, అవ్వ ఏమని ధైర్యం చెప్పింది. ఆ రాత్రి సంగతంతా ఆమెనే చెప్పనివ్వండి. ఆమె కూడా బిడ్డ కోసం, మనవరాలి కోసం భయపడుతున్న మనిషి. ఆ భయాన్ని మంత్రగాడు తూర్పు దిక్కుకు తిప్పాడు.

కొందరు మీకు "పోచమ్మ పేరు చెప్పి ఆపండి, ముసలిదాన్ని ఏడిపిస్తే అమ్మవారికి కోపం వస్తుందనండి" అని సలహా ఇస్తారు. పని తొందరగా అవుతుంది కూడా. మీరు నమ్మని మాట మీ నోటితో అనడం నాకు ఇష్టం లేదు, మీ ఇంట్లోవాళ్లు అది కనిపెట్టేస్తారు. అదే మాట పోచమ్మను నమ్మే మీ అత్తమ్మ మనసులో నుంచి వస్తే అందులో అబద్ధం లేదు.

నాలుగోది పోలీసులు, చట్టం. ఇంట్లో ఏం జరిగినా జరగకపోయినా ఇది మాత్రం పక్కన పెట్టొద్దని నా మాట. ఇప్పటికే రాళ్లు పడ్డాయి. ఆదివారానికి ముందే స్టేషన్‌లో ఎస్సైకి తేదీ, చోటు చెప్పి ఉంచాలి. సర్పంచ్‌కు, ఆశా కార్యకర్తకు కూడా చెప్పండి. పోలీసులు వస్తే ప్రమాణం ఆగుతుంది, కానీ చెప్పింది మీరే అని తెలిస్తే బావగారి గడప మీకు కొన్నేళ్లు మూసుకుపోవచ్చు. ఆ నష్టం చిన్నదని నేను అనను. మీ పేరు రాకూడదనుకుంటే న్యాయ సేవాధికార సంస్థకు 15100లో ఫోన్ చేసి అడగండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆ అవ్వకూ ఉంది. రాయి పడుతున్న రాత్రయితే మాత్రం పేరు గురించి ఆలోచించకుండా 100కు కొట్టండి.

చెల్లెమ్మా, ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేని సంగతి ఒకటుంది. అవ్వ ఏమంటోంది? ఆమెను ఎవరైనా అడిగారా? ఆమె కొన్నాళ్లు కూతురి దగ్గరికి పోదామనుకుంటోందేమో, లేదా "నా ఇల్లు విడిచి ఎక్కడికీ పోను" అంటోందేమో. పోతే ప్రాణం నెమ్మదిస్తుంది. కానీ తప్పు చేసింది కాబట్టే పారిపోయింది అంటారు, ఆ 20 గుంటల మీద ఎవరి కన్నైనా ఉంటే వాళ్లకు దారి సులువవుతుంది. ఆ భూమి పక్కన ఎవరి భూమి ఉందో, ఈ మాట ఊళ్లో ఎవరు ఎక్కువగా మోస్తున్నారో మీ భర్తను కనుక్కోమనండి. ఏ దారి అయినా తేల్చుకోవాల్సింది అవ్వ. సూరత్‌లో ఉన్న కూతురికి ఈ రోజే ఫోన్ చేయండి.

మీ పుట్టింటి గురించి కూడా అడిగారు. "మీ పాస్టర్ నూనె రాస్తే జబ్బు పోతదంటే నమ్ముతరు కదా" అని తోటికోడలు అన్నప్పుడు మీకు జవాబు దొరకలేదని రాశారు. ఆమె అడిగింది న్యాయమే. మీ అమ్మ నూనె రాసుకుని ప్రార్థన చేసుకుంటే అది మేడారం బెల్లం లాంటిదే, ఎవరూ ఏమీ అనక్కర్లేదు. అదే నూనె నమ్ముకుని షుగర్ మందులు మానేయమని ఎవరైనా అంటే అక్కడ మీరు మీ అమ్మతో కూడా గట్టిగా మాట్లాడాలి. మీరు అలా మాట్లాడతారని అత్తింట్లో తెలిసిన రోజు "నీ దేవుడు వేరే" అన్న మాటకు బలం ఉండదు.

పెత్రమాస నాడే ఎంగిలి పూల బతుకమ్మ కదా, ఆదివారం కన్నా ముందే వస్తుంది. ఏటా ఆ వాడలో పాట ఎత్తేది అవ్వే అని, ఆమె అరుగు మీద కూర్చుని ఎత్తితే ఆడవాళ్లంతా అందుకుంటారని రాశారు. ఈ ఏడు ఆమెను ఎవరూ పిలవరేమో అని మీకు భయం. ఆ రోజుకు సెలవు పెట్టుకుని ఊరికి పోండి. సాయంత్రం బతుకమ్మను పేర్చాక, వీలైతే అత్తమ్మను వెంటబెట్టుకుని, కాకపోతే మీ కొడుకు చెయ్యి పట్టుకుని తూర్పు ఇంటికి నడవండి. తలుపు కొట్టి, "అవ్వా, పాట మొదలుపెట్టాలె, రా" అని పిలవండి. ఆమె రానంటే ఆ అరుగు మీదే కాసేపు ఆమె పక్కన కూర్చోండి. వాడంతా చూస్తుంది. చూడనివ్వండి.

ఏం జరిగిందో నాకు తప్పకుండా రాయండి. ఉత్తరం వద్దు, ఈసారి ఫోన్ చేయండి. ఎదురుచూస్తుంటాను.